ముప్పై ఎనిమిది సెకన్లు

"ఏదీ, చేతులు చూపించమ్మా," అంది రెఫరీ.

ఈతకొలను అంచున నిలబడ్డ పిల్ల రెండు చేతులూ చాపింది. ఎండకు నల్లబడ్డ మణికట్టు చుట్టూ వాచీ పట్టీ గుర్తు తెల్లగా మిగిలింది. వాచీ లేదు.

"వాచీ కానీ, బీపర్ కానీ, ఒంటి మీదైనా సరే, బయటి నుంచైనా సరే, వేగం చెప్పేది ఏది వాడినా పోటీలోంచి తీసేస్తాను. తర్వాత ఏడ్చి లాభం లేదు, ముందే చెబుతున్నా."

రెయిలింగ్ అవతల ఆ పిల్ల తల్లి నిలబడి ఉంది. చేతిలో ఉన్న కూతురి సంచీ గబుక్కున తెరిచింది. అందులో బీపర్ డబ్బా ఖాళీగా ఉంది. ప్రాక్టీసులో టోపీ కింద దోపుకునే బొత్తామంత యంత్రం అది. చెయ్యి ఎప్పుడెప్పుడు వెయ్యాలో చెవిలో టిక్కుటిక్కుమని చెబుతుంది. సంచీ తిరగేసింది. తువ్వాలు దులిపింది. ఎక్కడా లేదు. పిల్ల టోపీ చెవి పక్కన కాస్త ఉబ్బెత్తుగా లేదూ?

పిలిచేలోపే ఈల మోగింది. అందరూ నీళ్ళలోకి దూకేశారు.

పదహారు ల్యాపులు. మొదటి ఇద్దరికే జట్టులో చోటు. వయసు లెక్కన పిల్లకిదే ఆఖరి అవకాశం.

కంగారు పుడితే ఆ తల్లి కాళ్ళు ఒకచోట నిలవవు. పిల్లది రెయిలింగ్ పక్క లైనే. ప్రాక్టీసు వేళ గట్టు వెంట తిరిగినట్టే ఈ చివరి నుంచి ఆ చివరికీ, ఆ చివరి నుంచి ఈ చివరికీ నడవసాగింది. దొరికిపోతే పరువు పోతుంది. దొరక్కుండా గెలిస్తే? అది ఇంకా సిగ్గు. పోనీ తనే వెళ్ళి చెప్పేస్తే? ఆ తర్వాత పిల్ల మొహం ఎలా చూడాలి?

"కాస్త కూర్చోండమ్మా," అన్నాడు మెడలో స్టాప్‌వాచీ వేలాడేసుకున్న పక్క లైను పిల్ల తండ్రి. "ఈదేది మీ అమ్మాయా, మీరా?"

ఆయన స్టాప్‌వాచీ ఆమె వైపు తిప్పాడు.

"ఇది చూడండి. ప్రతి ల్యాపూ ముప్పై ఎనిమిది సెకన్లు. అటూ ఇటూ కదలదే. లోపల గడియారం పెట్టుకుని పుట్టిందా ఏంటి మీ పిల్ల?"

ఆమె పిల్ల టోపీ వంకే చూసింది. నడక మాత్రం ఆగలేదు.

కూతురు రెండోదిగా గోడ తాకింది. చప్పట్లు ఇంకా ఆగకముందే స్టాప్‌వాచీ ఆయన రెఫరీ బల్ల దగ్గర కనిపించాడు. ఆయన పిల్లది మూడో స్థానం.

రెఫరీ తల్లినీ కూతుర్నీ పిలిచింది. "టోపీ తియ్యమ్మా."

తల్లి కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి టోపీ రెఫరీ చేతిలో ఉంది. తడి జుట్టు ముడి జారి పిల్ల భుజం మీద పడింది. ఇంకేమీ లేదు.

"మరి బీపర్ ఏదే?" అంది తల్లి.

"పోయిన వారమే నీళ్ళ తూములో పడిపోయిందమ్మా. తిడతావని చెప్పలేదు."

తిట్టాల్సిన తల్లి ఆ తడి తలను గుండెకు అదుముకుంది. రెఫరీ నవ్వి పెన్ను మూసింది.

"మరైతే అంత కొలిచినట్టు ఎలా ఈదావే తల్లీ?"

"బీపర్ పోయినప్పటి నుంచీ ఇలాగేనండీ," అంది పిల్ల గర్వంగా. "వెళ్ళేటప్పుడు కుడివైపు, వచ్చేటప్పుడు ఎడమవైపు ఊపిరి తీసుకుంటా. ఎటు తీసుకున్నా గట్టు మీద అమ్మే కనిపిస్తుంది. తను ముందుంటే జోరు పెంచుతా, వెనకుంటే తగ్గిస్తా. అమ్మ నడక ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుందండీ."

రెఫరీ నవ్వు ఆగిపోయింది. మూసిన పెన్ను మళ్ళీ తెరిచింది. పోటీలోంచి తీసేసేటప్పుడు నింపే ఫారం ముందుకు లాక్కుని, 'వాడిన సాధనం' అన్న గడిలో ఒక్క మాట రాసింది.

'తల్లి.'