రెండో డ్రైవు తప్పేమిటి?

“రికార్డులన్నీ ఎందుకు చెరిపావురా?” అంటూ ఆస్పత్రి యజమాని తన బావమరిది గొంతు పట్టుకుని, రికార్డుల నకళ్లను టేపుల్లో దాచే, బీరువా అంత ఉన్న బ్యాకప్ యంత్రానికేసి కొట్టాడు. ఆ ఉదయమే అసలు కంప్యూటర్ పాడై ఆపరేషన్లు ఆగిపోయాయి.

కంప్యూటర్ల బాధ్యత చూసే బావమరిది పెదవి చిట్లింది. “నేను చెరపలేదు బావా! టేపులో ఉన్నాయి. యంత్రమే చదవట్లేదు.”

“మీ అక్క మొహం చూసి ఉద్యోగమిస్తే, తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?” యజమాని అతని వేలిని వెనక్కి విరిచాడు. ఎముక పుటుక్కుమంది.

“అయ్యా, ఆగండి!” యంత్రం వెనక నుంచి మరమ్మతుకు వచ్చిన పెద్దావిడ అరిచింది. “ఇందులో టేపు చదివే డ్రైవులు రెండు. ఇది టేపును ఒకటో డ్రైవులో పెట్టి, రెండో డ్రైవును చదవమంటోంది. రెండోది ఖాళీ. లేని టేపును అదెలా చదువుతుంది? తీగలు తారుమారయ్యాయి. ఈమధ్య ఎవరైనా ఊడదీశారా?”

యజమాని పట్టు సడలింది. వారం కిందట ఏదో కోపంలో అతను ఈ యంత్రాన్నే తన్నాడు. ఊడిపోయిన రెండు తీగలనూ తనే తిరిగి దూర్చాడు.

“ఊడితే నేనే పెట్టాను,” అన్నాడు మెల్లగా.

“అయితే పాపం, రెండో డ్రైవు తప్పేముంది?” అంటూ ఆవిడ తీగలు మార్చింది. తెర మీద రోగుల పేర్లు ఒక్కొక్కటే రాసాగాయి.

కూలబడ్డ బావమరిదిని లేపడానికి యజమాని చెయ్యి చాచాడు.

అతను విరిగిన వేలితోనే ముఖానికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు.