హీరో చేతిలో చెప్పులు

"ఇంతకీ మీ హీరో ఏమిట్లు అబ్బాయ్?"

కంప్యూటర్ మీంచి తల తిప్పకుండానే అడిగాడు బ్రహ్మయ్య. జగ్గయ్యపేట బస్టాండు దగ్గర ఫ్లెక్సీల షాపు ఆయనది. స్టీవెన్‌కి ఒళ్ళు మండింది. వచ్చిన దగ్గర్నించీ తిప్పితిప్పి ఇదే అడుగుతున్నాడు మనిషి.

"జపాను వాళ్ళ బొమ్మల సినిమా అండీ. హీరో ఉత్త బొమ్మ. బొమ్మకి కులమేంటండీ?"

"బొమ్మయితే మాత్రం? ఏ రంగు వెయ్యాలో నాకు తెలియొద్దా? పై మూలన ఏ నాయకుడి ఫోటో పెట్టాలో తెలియొద్దా?"

"నాయకులెవరూ వద్దు. హీరో ఒక్కడే. కింద మా అందరి ఫోటోలు."

"అట్టాంటి ఫ్లెక్సీ నేనింతవరకూ కొట్టలా," అని గొణుక్కున్నాడు బ్రహ్మయ్య, ఎవరో ఉప్పు లేకుండా కూర వండమన్నట్టు.

స్టీవెన్ బాధ స్టీవెన్‌ది. ఏ హీరో సినిమాకెళ్ళి ఈల వేసినా, "నీకెందుకురా, మీవాడి సినిమాకి పో" అనేవాడు పక్క సీట్లో ఉండనే ఉంటాడు. ఇన్నాళ్ళకి ఎవరివాడూ కాని హీరో ఒకడు దొరికాడు. పేరు తోషి. తెలుగులో డబ్బింగ్ చేసి రేపు పొద్దున ఆట వేస్తున్నారు. ఒక్కసారంటే ఒక్కసారి, అందరితో కలిసి గొంతు చించుకుని అరవాలని స్టీవెన్ కోరిక. అందుకే నందిగామ కాలేజీలో తనతో చదివే నవీన్‌బాబుని కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరిదీ ఒకే ఊరు. నవీన్‌బాబు వాళ్ళది పెద్దవీధి, స్టీవెన్ వాళ్ళది ఊరి చివర చర్చి పక్క పల్లె. ఇద్దరి ఫోటోలూ పక్కపక్కన పడడం ఇదే మొదలు.

"చేతిలో అవేంట్రా?" అంటూ నవీన్‌బాబు స్క్రీన్ మీదకి వంగాడు.

తోషి ఎడమచేతిలో గడ్డితో అల్లిన చెప్పుల జత వేలాడుతోంది.

"చెప్పులు. ట్రైలర్‌లో కూడా అట్టానే పట్టుకుంటాడు. ఎందుకో తెలీదు."

"హీరో అన్నవాడు చెప్పులు చేత్తో పట్టుకోడమేంట్రా? చూసినోళ్ళు నవ్వుతారు. తీయించెయ్."

అదీ నిజమే అనిపించింది స్టీవెన్‌కి. అసలే విసిగిపోయి ఉన్నాడు. "తీసెయ్యండి బ్రహ్మయ్య గారూ," అన్నాడు. బ్రహ్మయ్య అటూ ఇటూ ఏదో నొక్కాడు. చెప్పులు మాయమయ్యాయి.

మర్నాడు సినిమాహాలు ముందు ఫ్లెక్సీ కట్టి కిందికి దిగారో లేదో, నవీన్‌బాబు తాత జగన్నాథరావు కారు వచ్చి ఆగింది.

"ఎవడ్రా ఈ బొమ్మ? మనోడేనా?"

"మనోడే తాతయ్యా," అన్నాడు నవీన్‌బాబు తడుముకోకుండా. ఆయన తృప్తిగా తలూపి వెళ్ళిపోయాడు.

స్టీవెన్‌కి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. "అదేంట్రా అట్టా చెప్పావ్?"

"ఊరికే అన్నాలేరా. పెద్దాయనతో వాదనెందుకు?"

ఈలోగా నవీన్‌బాబు చుట్టాల కుర్రాళ్ళు ఫ్లెక్సీ కింద చేరారు. "ఆ నిలబడ్డం చూడు, ఆ చూపు చూడు. మన కళేరా," అని అందులో ఒకడు తేల్చేశాడు. వీళ్ళకి చెప్పేకన్నా గోడకి చెప్పుకోవడం నయం. ఈల వెయ్యాలన్న సరదా సగం చచ్చిపోయి, స్టీవెన్ లోపలికెళ్ళి కూర్చున్నాడు.

బొమ్మ పడింది. తోషి కర్ర తిప్పినప్పుడల్లా హాలు ఊగిపోతోంది. స్టీవెన్ నోరు మాత్రం పెగల్లేదు. అప్పుడొచ్చింది ఆ సీను. తెల్లవారుతోంది. తోషి వీపున కట్టెలమోపు వేసుకుని ఊళ్ళోకి వస్తున్నాడు. దొరగారి లోగిలి ఉన్న వీధి మలుపులో ఆగాడు. వంగి, కాళ్ళకున్న చెప్పులు విప్పి ఎడమచేత్తో పట్టుకున్నాడు. తల దించుకుని, చప్పుడు చెయ్యకుండా ఆ వీధి దాటాడు. దాటాక మళ్ళీ వేసుకున్నాడు. అంతే. ఒక్క మాట కూడా లేదు డబ్బింగ్ చెప్పడానికి.

"చెప్పులెందుకు విప్పాడ్రా?" నవీన్‌బాబు చెవి దగ్గరకొచ్చి అడిగాడు. "అక్కడేమన్నా గుడుందా?"

 స్టీవెన్ వాళ్ళ తాత సొలొమోను ఇప్పటికీ పెద్దవీధి మలుపులో సరిగ్గా ఇలాగే వంగుతాడు. జగన్నాథరావు ఇల్లు దాటిందాకా చెప్పులు చేతిలోనే. "ఇప్పుడు నిన్నెవరడిగారు తాతా, వేసుకుని నడువు," అని మొన్న ఆదివారం కూడా నలుగురి ముందూ కసురుకున్నాడు స్టీవెన్. "అలవాటురా అయ్యా," అని నవ్వి ఊరుకున్నాడు ముసలాయన. ఎక్కడి జపాను, ఎక్కడి తాత? ఆ వంగడం, ఆ ఎడమచెయ్యి ఆ బొమ్మ గీసినవాళ్ళకెవరు చెప్పారు? నిన్న షాపులో తన నోటితో తానే "తీసెయ్యండి" అన్నది గుర్తొచ్చి స్టీవెన్‌కి ఏడుపొచ్చింది, తన మీద తనకే అసహ్యమేసింది.

ఆట మధ్యలోనే లేచి బయటికొచ్చి ఫోన్ చేశాడు.

"బ్రహ్మయ్య గారూ, హీరో ఏమిట్లని అడిగారు కదా. మావాడేనండీ."

"నే చెప్పలా?" బ్రహ్మయ్య సంబరపడ్డాడు. "ఇంకోటి కొట్టమంటావా? రంగేదో చెప్పు మరి."

"రంగేం మార్చొద్దు. నిన్న తీసేశారే, ఆ చెప్పులు మళ్ళీ పెట్టండి."

"చేతిలోనేగా?"

"కాదండీ. కాళ్ళకి."