టైరులోని నూలు

"సంపింది మీరు. స్టీరింగు పట్టినోడు గాదు."

ఈ మాట మల్లేశం నేరుగా వెంకటనర్సు మొహం మీదే అన్నాడు. అరవలేదు. అరిచే ఓపిక ఎప్పుడో అయిపోయింది. ఠాణా వరండాలో కుర్చీ వేయించుకుని కాలు మీద కాలేసుకున్న వెంకటనర్సు పాన్ నములుతూ, "ముసలోనికి మతి పోయింది సారూ" అని ఠాణా పెద్దయిన అమీనుకు చెప్పాడు.

కారు వెంకటనర్సుది. అంతకు ముందు ఊరి దొరది. నిజాం జమానాలో అమెరికా నుంచి ఓడలో తెప్పించుకున్నాడు. ఏడాదికి నాలుగుసార్లు ఎక్కేవాడు, తక్కిన రోజులన్నీ అది షెడ్డులోనే. దొరతనం పోయాక వెంకటనర్సు కొని కిరాయికి తిప్పడం మొదలుపెట్టాడు. ఐదుగురు పట్టే బండిలో పదకొండు మందిని కుక్కేవాడు. ఇరవై రోజుల కింద కేతేపల్లి దాటాక ముందు టైరు పేలింది. కారు కాలువలో పడింది. ఒక ఆడపిల్ల చచ్చిపోయింది.

ఊరూ పేరూ అడక్కుండా వెంకటనర్సు పనిలో పెట్టుకున్న డ్రైవరు గాలయ్యను తెచ్చి ఠాణా పక్కనే ఉన్న సబ్‌జైల్లో వేశారు. జోరుగా నడిపాడని కేసు. కాగితంలో టైర్ల మాటే లేదు. ఉంటే ఓనరు మీదికి వస్తుంది కదా. ఉన్నోడి తప్పు లేనోడి మెడకు చుట్టడం మనకు కొత్తా?

మల్లేశంది నేత పని. కండెలు చుట్టేవాళ్ళు లేక మగ్గం మూలపడింది. మగ్గం గుంటలో దిగి కూర్చున్నా కాళ్ళు ఆడవు. పొద్దున్నే పెళ్ళాం గోపమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెల మూట భుజాన వేసుకుని నడుచుకుంటూ వస్తాడు. ఊచల్లోంచి గాలయ్యకు ఇస్తాడు. గాలయ్య తల వంచుకుని తింటాడు. ఈ ఇరవై రోజుల్లో ఒక్కనాడూ మల్లేశం మొహంలోకి చూడలేదు. "తిను బిడ్డా" అంటాడు మల్లేశం. అంతకు మించి మాట్లాడుకునేది ఏముంది.

జవాన్లకు ముసలాయన అలవాటైపోయాడు. కొడుకు కోసం తండ్రి తిరగక ఎవరు తిరుగుతారని ఒకడు చెంబెడు నీళ్ళిస్తాడు. ఇంకొకడు విసుక్కుంటాడు. నిన్న బీరన్న అనే జవాను చల్లగా చెప్పాడు, ఇవాళ కేసు కోర్టుకు పోతుందని, పోతే గాలయ్యకు రెండేళ్ళు తప్పవని.

అందుకే ఇవాళ మల్లేశం వరండాలోంచి కదలనన్నాడు.

అమీను కొత్తవాడు. రాష్ట్రాలు కలిశాక ఆంధ్ర నుంచి బదిలీ మీద వచ్చి వారమైంది. చెడ్డవాడు కాదు, తీరిక లేనివాడు. "ఓనరు రసీదు చూపించాడు కదయ్యా పెద్దాయనా. నిరుడే కొత్త టైర్లు వేయించాడు. రేయాన్ దారం టైర్లట. ఇంకేం కావాలి?"

టైరంటే ఒట్టి రబ్బరు కాదు. లోపల బట్ట పొరల్లా దారం ఉంటుంది, బరువు మోసేది ఆ దారమే. వెనకటి అమెరికా టైర్లలో నూలు దారం వేసేవాళ్ళు, రేయాన్ తర్వాత వచ్చింది. ఇదంతా మల్లేశం లారీ మిస్త్రీల చుట్టూ తిరిగి, వాళ్ళు కసిరినా కూర్చుని, తెలుసుకున్నాడు.

పేలిన టైరు వరండా మూలనే పడి ఉంది. పైన గాట్లు కొత్తగా, నల్లగా ఉన్నాయి. మల్లేశం దాని ముందు చతికిలబడి, పేలిన చోటు వదిలేసి, గట్టిగా ఉన్న చోట కత్తితో గీరి నాలుగు పోగులు లాగాడు.

"రేయాన్ అంటే మేం నేసే ఆర్టు సిల్కే గద సారూ. గిండ్ల ఉన్నది అది గాదు, నూలు."

అమీను ఒక పోగుకు అగ్గిపుల్ల అంటించాడు. కాగితం కాలిన వాసన. నూలే కదా అనబోయాడు. వెంకటనర్సు నవ్వాడు. ఆర్టు సిల్కు కూడా అట్లాగే కాలుతుందని, కావాలంటే ముసలోణ్ణే అడగమని అన్నాడు. మల్లేశం నిజమేనని ఒప్పుకున్నాడు. ఇక అయిపోయిందనుకుని అమీను కాగితాలు సర్దుకోబోయాడు.

మల్లేశం ఇంకో పోగు తీసి, నడిమధ్య నాలుకతో తడిపి ఆయన చేతికిచ్చాడు.

"సంతల పోగు కొనేటప్పుడు గిట్లనే చూస్తం. ఆర్టు సిల్కు తడి తగిల్తె పాణం ఇడుస్తది, తడి కాడనే తెగుతది. నూలు తడిస్తె ఇంక గట్టిపడ్తది. మీరే గుంజుండ్రి."

అమీను లాగాడు. తెగలేదు. పంటి బిగువున లాగాడు. తెగింది, పొడిగా ఉన్న కొస దగ్గర. మరో పోగు తీసి ఈసారి కూజాలో నీళ్ళతో తనే తడిపాడు. మళ్ళీ పొడి దగ్గరే తెగింది. వెంకటనర్సు నమలడం ఆపాడు.

"కారుతోని ఓడ దిగిన టైర్లే గివి," అన్నాడు మల్లేశం. గొంతులో గెలిచిన జాడ లేదు. "ఇరవై ఐదేండ్ల ముసలి నూలు. మీద కొత్త రబ్బరు పోయించి కొత్తయన్నడు. మార్చమని గాలయ్య ఎన్నిసార్లు బతిమాలిండో మిస్త్రీలందరికి ఎరుకే, ఆయన్నే అడుగుండ్రి."

అమీను తెగిన పోగులను కాగితంలో పొట్లం కట్టాడు.

వెంకటనర్సు లేచి నిలబడ్డాడు. "కొడుకును ఇడిపించుకునేతందుకు తండ్రి ఎన్ని కతలన్న చెప్తడు సారూ. వీని మాటకు కోర్టుల ఇలువేంది?"

అదీ నిజమేనన్నట్టు అమీను తల ఊపి, తెల్లకాగితం తీసి కలం విప్పాడు. "వాంగ్మూలం రాస్తున్నాను. చుట్టరికం దాచకుండా చెప్పు. డ్రైవరుకు నువ్వేమవుతావు?"

"డ్రైవరుకు నేనేం గాను సారూ, ఆ కారుల సచ్చిన పిల్లకు బాపును, గాలయ్యను ఇడిసి గీయనను లోపల ఎయ్యుండ్రి."