స్టేషన్‌కు దారి ఇటు

మరో అడుగు వేసి ఉంటే లివియా సూట్‌కేసుతో సహా కాలవలో పడేది. వెనిస్‌లోని ఆ సందు ఇళ్ల మధ్య నుంచి వచ్చి నేరుగా నీళ్లలోకి దిగిపోయింది.

గోడ మీది పసుపు బాణం మాత్రం స్టేషన్ ఇటేనని చూపిస్తోంది. టూరిన్ రైలుకు ఇంకో గంటే ఉంది.

ఆమె బాణాన్ని తాకింది. వేలికి రంగంటింది.

"ఎవరి పని ఇది?"

పక్క వాకిట్లో పేకాడుతున్న ముగ్గురు ముసలివాళ్లు తలెత్తారు. వాళ్ల బల్ల దగ్గర నాలుగో కుర్చీ ఖాళీగా ఉంది.

"ఈమె నిన్నటి జర్మన్ కంటే నయంలా ఉంది," అంది వాళ్లలోని ముసలావిడ నివెస్. "వాడికి తురుపంటేనే తెలీదు."

"నా రైలు పోతే?"

"పోదమ్మా. వెనక వంతెన దాటితే స్టేషనే," అన్నాడు ఓరియో.

"మరైతే మీ చేతులు బల్ల కింద ఎందుకున్నాయి తాతగారూ?"

ఓరియో పక్కనున్న తోనీ పకపకా నవ్వాడు. "దొరికిపోయావురా!"

లివియా ఖాళీ కుర్చీ వైపు చూసింది. సూట్‌కేసు గోడకానించి అందులో కూర్చుంది.

"ఒక్క ఆటే. ముందు నిజం చెప్పండి."

ఓరియో పసుపు వేళ్లు పైకి తీసి పేక కలిపాడు.

"నేనే రాశానమ్మా. రాత్రి వాన కడిగేస్తే పొద్దున మళ్లీ దిద్దాను. మాతో రోజూ ఆడే ఇనెస్ మెస్త్రే ఊళ్లో కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. ఆటకు నలుగురు కావాలి. ఊరి నిండా జనమే, కానీ ఒక్కరూ మా సందులోకి రారు. అందరూ స్టేషన్‌కే పోతారు. అందుకని స్టేషన్‌నే ఇటు తిప్పాను."