మోగని ఫోన్

"నాకు ఒక్క కాల్ సుత వస్తలేదు మేడం."

ఆ మాటకి క్యూ మొత్తం తల తిప్పి చూసింది.

కంప్యూటర్ ముందున్న వసుధ వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

పొద్దుటి నుంచి వచ్చిన వాళ్లందరిదీ ఒకటే గోల. లోన్ కావాలా, కార్డు కావాలా, ప్లాట్ కావాలా అని ఒకటే ఫోన్లు. మౌలాలి నుంచి వచ్చిన సోమయ్యనైతే, తండ్రి దినాలు చేస్తూ కూర్చుంటే సింగపూర్ టూర్ పోతారా అని అడిగారట.

అలా విసిగించే వాళ్ల పని పట్టడానికి ఈ సోమవారమే కొత్త చట్టం వచ్చింది. దాన్ని అమలు చేయడానికి సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా కొత్త ఆఫీసు వెలిసింది. కాల్స్ వద్దనే వాళ్ల నంబర్లు ఎక్కించుకునే ప్రోగ్రాం రాసింది వసుధే.

క్లాస్‌మేట్లంతా హైటెక్ సిటీలో ఎవరి బ్యాంకుకో కోడ్ రాస్తుంటే, తను మాత్రం ఊరందరి మధ్యాహ్నపు నిద్ర కాపాడబోతోంది. ఆ ఊహకే కాళ్లు నేల మీద నిలవడం లేదు.

పైగా మొదటి కేసు పెట్టిన ఆఫీసుకే పెద్ద టీం ఇస్తామని ఢిల్లీ మాట. అందులో వసుధకి పర్మనెంట్ కుర్చీ ఖాయమని ఆఫీసర్ రాజబాబు మాట.

"కాల్స్ రాకుంటే మంచిదే కదక్కా?" అంది వసుధ.

"ఊరందరికీ వస్తున్నయి. నాకొక్కదానికే ఎందుకు వస్తలేవో నువ్వడగవా?"

ఆమెకి నలభై ఏళ్లుంటాయేమో. నల్లద్దాలు నెత్తి మీదికి తోసుకుంది. చేతిలో రెండు ఫోన్లు, కాళ్ల దగ్గర పెద్ద బ్యాగు.

"వచ్చే కాల్స్ ఆపుతాం. రాని కాల్స్ ఎట్ల ఆపాలక్కా?"

క్యూ అంతా గొల్లున నవ్వింది.

"నాయి సగం నీకిస్త, తీస్కపో!" అన్నాడు వెనక నుంచి సోమయ్య.

ఆమె అటు తిరగలేదు. బల్ల మీదికి వంగి గొంతు తగ్గించింది.

"మీ సార్‌తోని జెర మాట్లాడిపియ్యి బిడ్డా. గిది ఈడ చెప్పేది కాదు."

"సార్ ఢిల్లీ వాళ్లతో లైన్‌లో ఉన్నరు. సాయంత్రం దాకా దొరకరు."

"సాయంత్రం బండికి నేను మా చెల్లె దగ్గరికి పోతున్న. మళ్ల ఈ ఊరికి రాను. పోనీ, నా నంబరన్న రాస్కో."

"మీ నంబర్ దేనికక్కా? ఆపడానికి ఏం లేదు కదా!"

మళ్లీ నవ్వులు. తన జోక్ వసుధకే తెగ నచ్చేసింది.

"అందరివీ రాస్కుంటున్నవ్. నాదొక్కటి బరువైందా?"

"నెక్స్ట్!" అంది వసుధ.

ఆమె బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగింది.

సాయంత్రం రాజబాబు తన గదిలోంచి దాదాపు గెంతుతూ వచ్చాడు. అనకాపల్లి మనిషి, సంతోషం వస్తే యాస ఆగదు.

"ఏటి వసుధా, ఇంకా అలా కూకున్నావు? మొదటి కేసు మనదేనమ్మా!"

వసుధ కుర్చీలోంచి ఎగిరి లేచింది. "నిజమా సార్?"

"ఒక్క మెలిక ఉంది. ఫోన్లు చేసినోళ్లు దొరికీసారు. వాళ్ల ఎనకాల ఊరందరి నంబర్లూ కొంటున్న పెద్దమనిషి ఒకడున్నాడు. ఆడే అసలు దొంగ. ఆడికి నంబర్లు అమ్మినోళ్లలో ఒక్కరొచ్చి, అవును నేనే అమ్మాను అంటే చాలు. ఈ రాత్రిలోగా రాకపోతే కేసు బెంగళూరు ఆఫీసోళ్లకి ఎల్లిపోద్ది."

"తప్పు చేసినవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తరా సార్?"

"రారు. మనం పోల్చుకుందామన్నా ఒకటే గుర్తు. నంబర్లు ఇచ్చినోళ్ల ఫోన్‌కి మాత్రం ఈళ్లు కాల్ చెయ్యరంట. తిన్నింటి వాసాలు లెక్కపెడతామేటి సార్ అని నన్నే అడుగుతున్నాడు, దొరికినోడు!"

రాజబాబు పగలబడి నవ్వాడు.

వసుధ నవ్వలేదు.

"సార్, పొద్దున ఒకామె..."

మాట పూర్తి చేయకుండానే పరుగెత్తింది. మెట్లు, రోడ్డు, ఆటోల హారన్లు దాటేసింది. స్టేషన్ గేటు దగ్గర ఎదురొచ్చిన మనిషిని గుద్దుకోబోయి ఆగింది.

సోమయ్య.

"అంకుల్! పొద్దున క్యూలో మీ ముందున్నామె కనబడిందా? బ్యాగుతో..."

"ఇప్పుడే బండెక్కిచ్చి వస్తున్న. మా వాడకట్టు మనిషే. బ్యాగు బరువున్నదంటే మోసిన."

"ఏ ప్లాట్‌ఫామ్?"

"బండి పోయిందమ్మా."

"నంబర్? ఆమె నంబర్ ఉందా మీ దగ్గర?"

"ఉంటే ఏం ఫాయిదా? రెండు సిమ్ములూ నా ముంగటనే ఇరిచి పట్టాల మీద పారేసింది."

వసుధ గేటు ఊచల్లోంచి పట్టాల వైపు చూసింది.

"ఏందో బిడ్డా, బండి కదలంగ నా చెయ్యి పట్టుకొని, అందరూ నన్ను మాఫ్ చెయ్యున్రి అన్నది. పాపం, గామె ఎవరికేం తక్లీఫ్ ఇచ్చింది?"

"అసలు ఎవరామె?"

"ప్రేమమణి తెల్వదా? మౌలాలిల ఫోన్ రీఛార్జ్ దుకాణం ఆమెదే గద," అన్నాడు సోమయ్య కొంచెం గొప్పగా. "మా గల్లీల అందరి నంబర్లు ఆమెకు నోటికొస్తయి."