ఒక్కరు కొంటే చాలు

"ఇయ్యాల గూడ పోలేదా?"

తల్లి అడిగిన దానికి అభిజిత్ ఫోన్ మీంచి తల ఎత్తలేదు. అశోక్ నగర్‌లో రాజేశం పుస్తకాల దుకాణం ముందు, పోటీ పరీక్షల గైడ్ల కట్టల మధ్య స్టూళ్లు వేసుకుని ముగ్గురు కూర్చున్నారు. కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే అభిజిత్, అతని స్నేహితుడు నవీన్, దుకాణం యజమాని రాజేశం. ముగ్గురివీ ఒకే కంపెనీ షేర్లు. కరెంటు బండ్లు, కరెంటుతోనూ పెట్రోలుతోనూ నడిచే హైబ్రిడ్ కార్లు తయారుచేసే వేగవర్ధన్ మోటార్స్.

"పోలేదమ్మా. నువ్వెందుకొచ్చినవ్ ఇంత దూరం?"

"మన చిక్కడపల్లి ఇల్లేమన్న ఢిల్లీల ఉన్నదా? ఇంట్ల కూసుంటే గుండె దడదడ కొట్టుకుంటున్నది" అంది మనోరమ.

ఊరికే కొట్టుకోవడం లేదు. కూతురు హారతి ఫిజియోథెరపీ కాలేజీకి కట్టాల్సిన ఫీజు మొత్తం ఆ షేర్లలోనే ఉంది. సోమవారం లోపల కట్టకపోతే సీటు ఇంకొకరికి ఇస్తామని కాలేజీవాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు.

కంపెనీ ఆడిటరు రాజీనామా చేశాడన్న వార్త వచ్చి ఆరు రోజులైంది. అప్పటినుంచీ రోజూ మార్కెట్ తెరవగానే షేరు అయిదు శాతం పడుతుంది. ఒక్కరోజులో అంతకుమించి పడనివ్వరు కాబట్టి ధర అక్కడే ఆగిపోతుంది. ఆ ధరకు అమ్ముతామనేవాళ్లు వేలల్లో ఉంటారు. కొంటామనేవాడు కనిపించడు.

"భయపడకుండ్రి ఆంటీ" అన్నాడు నవీన్. "హైబ్రిడ్ అంటే రెండు కాళ్ల మీద నిలవడ్డట్టు. ఛార్జింగ్ అయిపోతే పెట్రోలు, పెట్రోలు అయిపోతే ఛార్జింగ్. గసొంటి కంపెనీ ఏడికి పోతది?"

"రెండూ అయిపోతే?"

నవీన్ టీ తాగడంలో పడ్డాడు. రాజేశం నవ్వాడు.

"అక్క, గీ మాట నువ్వు మేం కొనకముందు అడిగుంటే ముగ్గురం బతుకుతుంటిమి."

"కొనమన్నది నువ్వే గద రాజేశమన్నా."

రాజేశం నవ్వు ఆగిపోయింది. "నేను గట్టు మీద కూసోని మీవోణ్ని దుంకుమనలే అక్క. నాయి పన్నెండు వందలున్నయ్. నేను గూడ మునిగే ఉన్న."

మనోరమ కొడుకు వైపు తిరిగింది. "తక్కువకన్న ఇచ్చెయ్‌రా. సగానికియ్యి."

"సగానికి ఇస్తనన్నా ఇయ్యనియ్యరమ్మా. ఇయ్యాల్టి ధర ఇంతే."

"కంపెనీవోళ్లకే వాపస్ ఇయ్యరాదు? రసీదుంటది గద."

నవీన్‌కు టీ పొలమారింది. అభిజిత్‌కు మాత్రం నవ్వు రాలేదు. "అట్ల ఉండదమ్మా. ఎవరన్న వచ్చి కొనాలె."

"ఎవరొస్తరో నీకు తెలుస్తదా? నేనొచ్చి అడుగుత. కాళ్లు పట్టుకుంట."

"ఎవరి కాళ్లమ్మా? మనిషి కనవడితే గద. కొనెటోడు ఎవడో మనకు తెల్వదు, మనమెవరమో వానికి తెల్వదు."

ఆమె మెడలోని గొలుసును వేళ్లతో తిప్పింది. "ఎవరన్న ఒక్కరు కొంటే నీయి పోతయా?"

"పోతయ్. ఇగ ఇంటికి పో అమ్మా, ఎండ అయితున్నది."

మర్నాడు బుధవారం ఆమె రాలేదు. ఆ రోజూ షేరు పడింది. ఆ రోజూ అమ్ముడుపోలేదు.

గురువారం తొమ్మిదిన్నరకల్లా వచ్చింది. ముఖం తేటగా ఉంది. రోడ్డు దాటుతూనే, "పోయినయా?" అని అడిగింది. ఇన్నాళ్లుగా అడుగుతున్న మాటే కానీ ఈసారి నవ్వబోతున్నట్టుగా అడిగింది.

"లేదమ్మా."

"మంచిగ చూడు. ఇయ్యాల పోయి ఉంటయ్."

అభిజిత్ మళ్లీ చూసి, ఫోన్ ఆమె ముందు పెట్టాడు. మనోరమ అద్దాలు పెట్టుకుని చూసింది. ఆమెకు అర్థమైంది ఒక్క ముక్కే, 'పెండింగ్'.

"నీ ఫోన్ల ఆల్చెంగ వస్తదేమో. జర ఆగి చూడు."

"ఫోన్ మంచిగనే ఉన్నదమ్మా."

ఇంతలో దుకాణం లోపలినుంచి రాజేశం వచ్చాడు. ఫోన్ అభిజిత్ వైపు చాచాడు.

"అభీ, నాయి పోయినయ్‌రా. ఆరువందలు. సగం బయటవడ్డ."

"నిజంగనా?" నవీన్ లేచి నిలబడ్డాడు.

"మార్కెట్ తెరవంగనే పోయినయ్. ఎవ్వడు కొన్నడో గని, వాడు సల్లగుండ."

"మాయి పోలే మరి."

"మీరు టిఫిన్ తిని తీరిగ్గ పెడ్తరు ఆర్డరు. నేను అందరికన్న ముందు పెడ్త. లైన్ల ముందున్నోనియే ముందు పోతయ్‌రా. కొనెటోడు ఫలానోనియి కావాలె అంటే ఇస్తరా?" రాజేశం మనోరమ వైపు తిరిగి చేతులు జోడించాడు. "అక్క, నువ్వు మొక్కిన మొక్కులు నాకు తగిలినట్టున్నయ్."

మనోరమ గైడ్ల కట్ట మీద కూర్చుండిపోయింది.

"అమ్మా, ఏమైంది? కళ్లు తిరుగుతున్నయా?" అభిజిత్ ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పైట సర్దబోయి ఆగాడు. "మెడల గొలుసేది?"

"నిన్న నారాయణగూడ బ్యాంకుల కుదువ పెట్టిన." ఆమె గొంతు రాజేశానికి వినిపించనంత చిన్నగా ఉంది. "ఒక్కరు కొన్నా చాలంటివి గద. షేర్ల కోసమని ఎప్పుడో నా పేరు మీద ఖాతా తెరిచినవ్. పైపోర్షన్ల ఉండే శ్రీదివ్యతోని పొద్దుగాల అండ్ల ఆర్డరు పెట్టిచ్చిన."

"ఏం ఆర్డరమ్మా?"

"నీయి ఎన్నున్నయో అన్ని. ఆ ఆరువందలు కొన్నది నేనేరా."