పది బస్తాల ఉప్పు

“పడవ దిగండి వర్తకుడు గారూ” అంది రేవు మనిషి.

నాగదుర్గారావు సెల్‌ఫోన్ తెరకేసి గుడ్లప్పగించి చూశాడు.

ఏలూరులో అతనికి వలలు, తాళ్లు అమ్మే కొట్టుంది. ఆ ఫోన్లో మాత్రం అతను ఉప్పు వర్తకుడు. తెలిసినవాళ్ల అమ్మాయి ఇందు తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదివొచ్చి తయారుచేసిన ఆట అది. రాక్షసులూ మంత్రగాళ్లూ తిరిగే లోకం. అందులోకి వెళ్లాలంటే పాతకాలపు వృత్తి ఒకటి ఎంచుకోవాలి. కళాయి వేసేవాడు, గానుగవాడు, పల్లకీ బోయీ, ఏదైనా సరే.

మనుషులున్న చోటల్లా ఉప్పు అమ్ముడవుతుందని నాగదుర్గారావు లెక్క. పది బస్తాలతో బయల్దేరాడు. ఏరు దాటితే సంత. దాటించేది ఈ రేవు మనిషి. మధ్యాహ్నం మూడు దాటాక వస్తుంది, ఐదింటికి వెళ్లిపోతుంది. ఇతను ఫోన్లోకి మాట్లాడితే, ఆవిడ మాటలు తెర మీద అక్షరాలుగా పడతాయి. కిరాయి అయిదు బస్తాలకి ఒక బస్తా. అంటే పదికి రెండు.

అతను ఒకటే ఇస్తానన్నాడు. అలవాటు.

పందెం మాత్రం ఇంట్లో పుట్టింది. గల్లాపెట్టె దగ్గర తననీ కూర్చోనివ్వమని భార్య కుమారి రెండేళ్లుగా అడుగుతోంది.

“ఆడవాళ్లకి బేరం చేతకాదు కుమారీ.”

“అయితే ఆ రేవులో ఆడమనిషిని గెలిచి రండి. శనివారం లోపు ఒక్క బస్తాకి దాటితే నేనింక అడగను. దాటలేదా, సోమవారం నుంచి గల్లా నాది.”

“అది ఆడమనిషి కాదు, యంత్రం. యంత్రానికి బేరం ఏం తెలుస్తుంది?” అని ఒప్పేసుకున్నాడు.

“జాగ్రత్తండి అల్లుడుగారూ” అంది అత్తగారు పెద్దింటమ్మ, చిక్కుడుకాయలు తుంచుతూ. ఆవిడది కొల్లేటి లంక ఊరు. ఫోన్ మోగితే కూతుర్ని కేకేసే మనిషి. మోకాళ్లకి కరెంటు పెట్టించుకోవడానికి వచ్చి రెండు నెలలుగా ఇక్కడే ఉంది. రోజూ మూడయ్యేసరికి ఆవిణ్ణి స్కూటర్ మీద డాక్టరు దగ్గర దించి, నాగదుర్గారావు కొట్టుకొచ్చి ఆటలో పడతాడు.

ఈ సోమవారం అయిదు బస్తాలేనని చెప్పి పదీ ఎక్కించాడు. అందుకే ఇప్పుడు దిగమంటోంది.

“అయిదు బస్తాలకైతే పడవ అంచు నీళ్లకి జానెడు పైనుండాలండి. నాలుగు వేళ్లే ఉంది. బస్తాలు తప్పు చెప్పారో, మీ బరువు తప్పు చెప్పారో చూసుకోండి.”

యంత్రానికి వెటకారం కూడా నేర్పారన్నమాట అనుకున్నాడు.

మంగళవారానికి ఏటి చెమ్మకి ఒక బస్తా కరిగిపోయింది. ఆ రోజు పొగిడి చూశాడు. “మీలాంటి పడవ మనిషిని నేనెక్కడా చూడలేదండి.”

“మీరు చూసింది ఒక్క రేవే కదండీ.”

బుధవారం రైల్వే గేటు పడింది. అత్తగారిని దించేసరికి పావుగంట ఆలస్యం. కంగారుగా కొట్టుకొచ్చి ఫోన్ తీశాడు. అదృష్టం బాగుంది, రేవు కూడా అప్పుడే తెరిచారు. మిగిలింది ఎనిమిది బస్తాలు. ఈసారి బెదిరించాడు. మీ పడవ నాకక్కర్లేదు, ఈదుకుంటూ పోతానన్నాడు.

“మీరు దాటతారండి. ఉప్పు దాటదు.”

గురువారం అతనికి అనుమానం వచ్చింది. రేవు మనిషి మాట్లాడుతుండగానే లేచి కొట్టు వెనక ఉన్న ఇంట్లోకి పరుగెత్తాడు. కుమారి దొడ్లో బట్టలు ఆరేస్తోంది. చేతిలో ఫోన్ లేదు.

“ఏవండీ, ఏం కావాలి?”

“మంచినీళ్లు.”

శుక్రవారం భోజనాల దగ్గర అత్తగారిని అడిగాడు. “మీరైతే ఏం చేస్తారండి?”

“అడిగింది ఇచ్చేసి దాటేస్తానండి. అవతల సంత ఉంది కదా. ఇక్కడ కూర్చుంటే రోజుకో బస్తా ఏటికే ఇస్తున్నారు.”

బేరం రాని మనుషులు ఇలాగే మాట్లాడతారని అతను మజ్జిగ పోసుకున్నాడు.

శనివారానికి సరిగ్గా అయిదు మిగిలాయి. నాగదుర్గారావు మొహం వెలిగింది. అయిదుకి ఒకటి. ఆవిడ చెప్పిన లెక్కే. పందెం గెలిచినట్టే.

“ఇదిగోనండి, ఒక్క బస్తా. ఇంక గెడ వేయండి.”

“సంతోషమండి. మరి ఆరు రోజులు సరుకు నా రేవులో ఉంచారు. ఆ చోటుకి ఇంకో బస్తా.”

ఈ మాట ఎక్కడో విన్నట్టుంది. వల కొని, సాయంత్రం తీసుకెళ్తామని వదిలేసి, వారానికి వచ్చేవాళ్లతో అతను అనే మాటే. అతను వాదించాడు. ఆవిడ వినలేదు. ఐదైంది. రేవు మూసేశారు.

సోమవారం కుమారి గల్లాపెట్టె వెనక కూర్చుంది. కైకలూరు నుంచి వచ్చిన ఒకాయన తాడు చుట్ట పట్టుకుని అరగంట బేరమాడి, చివరికి ఆవిడ చెప్పిన ధరకే రెండు చుట్టలు పట్టుకెళ్లాడు. నాగదుర్గారావు అది చూడనట్టు నటిస్తూ వెళ్లి, అత్తగారిని దించి వచ్చి, వలల మూట మీద కూర్చుని ఫోన్ తీశాడు. మూడు బస్తాలున్నాయి.

“ఎక్కండి వర్తకుడు గారూ” అంది రేవు మనిషి. “కిరాయేం వద్దు.”

అతను రెండుసార్లు చదువుకున్నాడు. పడవ కదిలింది. “చూశావా కుమారీ, ఆఖరికి యంత్రమే దిగొచ్చింది.”

“మంచిదండి. కాస్త ఆ పై అరలో చుట్ట అందించండి” అంది కుమారి.

అదే సమయానికి, మోకాళ్ల డాక్టరు గారి మేడ మీద ఉన్న ఆటల ఆఫీసులో, పెద్దింటమ్మ చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి ఇందు చేతికిస్తూ, “మా అల్లుడుగారిని దాటించేశానమ్మా, అమ్మాయి గల్లా ఎక్కింది కదా” అంది.